తక్కువ డబ్బుతో తిరుపతి, చిత్తూరు నుంచి చెన్నైకి కాపురం మార్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి నుంచి చెన్నై రోడ్డు మీద దాదాపు 140 కిలోమీటర్లు. దగ్గరే కదా అని బయల్దేరిన కుటుంబాలు అడ్వాన్సు దగ్గర, నీళ్ల దగ్గర, పిల్లల చదువు దగ్గర ఇబ్బంది పడుతున్నాయి. అందరూ మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## బయల్దేరే ముందు

నెలకు 35 వేలు చేతికొస్తాయి. ఇంట్లో నలుగురం. చెన్నైలో బతకగలమా?

బతకగలరు. కాకపోతే సముద్రం ఒడ్డున కుదరదు. బెసెంట్ నగర్, అడయారు, తిరువాన్మియూరు, నీలాంకరై పేర్లు పక్కన పెట్టేయండి. బాడుగ జీతంలో మూడో వంతు దాటకూడదు, అంటే 11, 12 వేల లోపు. బాడుగ ఒక్కటే చూసి ఇల్లు ఎంచుకుంటే మాత్రం మోసపోతారు. దానికి మెయింటెనెన్సు, తాగునీటి క్యాన్లు, పనికి రానూపోనూ ఖర్చు కలపండి. ఉదాహరణకు 9 వేల బాడుగ ఇంటికి 1,500 మెయింటెనెన్సు, 1,000 నీళ్లు, 3,000 పెట్రోలు అయితే అది 14,500 రూపాయల ఇల్లు. స్టేషన్‌కు నడిచిపోయే దూరంలో 11,500కు దొరికిన ఇల్లు, 500 మెయింటెనెన్సు, 600 నీళ్లు, లోకల్ రైలు సీజన్ టికెట్టు అన్నీ కలిపినా 13 వేలకు అటూ ఇటూగానే తేలుతుంది.

చేతిలో ఎంత ఉంటే ధైర్యంగా బయల్దేరొచ్చు?

బాడుగ 11 వేలు, అడ్వాన్సు ఐదు నెలలు అనుకుందాం. అడ్వాన్సు 55 వేలు, మొదటి నెల బాడుగ 11 వేలు, బ్రోకరు ద్వారా వెళ్తే ఒక నెల బాడుగ కమిషను 11 వేలు. తాళం చేతికి రావడానికే 77 వేలు. ఓనరు పది నెలల అడ్వాన్సు అడిగితే అదే లెక్క 1,32,000 అవుతుంది. దీనికి సామాను బండి ఖర్చు, రెండు నెలల ఇంటి ఖర్చు కలపండి. కొత్త ఉద్యోగంలో మొదటి జీతం ఆలస్యమైతే ఆదుకునేది ఆ రెండు నెలల డబ్బే. అడ్వాన్సు కోసం వడ్డీకి తేవద్దు. ఆ డబ్బు ఇల్లు ఖాళీ చేసేదాకా తిరిగి రాదు, వడ్డీ మాత్రం నెలనెలా కట్టాలి.

మనవైపు నుంచి వెళ్లేవాళ్లు ఏ పక్క ఇల్లు చూసుకోవాలి?

ముందు పని ఎక్కడో చూడండి, ఆ తర్వాత రైలు దారి, ఆ తర్వాతే ఇల్లు. తిరుపతి నుంచి వెళ్లే రైళ్లు రేణిగుంట, పుత్తూరు, అరక్కోణం, తిరువళ్లూరు మీదుగా చెన్నై సెంట్రల్ స్టేషన్ చేరతాయి. మనకు అందుబాటు ధరల్లో ఇళ్లు దొరికేది ఈ దారిలోనే. సెంట్రల్ నుంచి పెరంబూరు 6 కిలోమీటర్లు, అంబత్తూరు 14, ఆవడి 21, తిరువళ్లూరు 42, అరక్కోణం దాదాపు 69. దూరం పెరిగేకొద్దీ బాడుగ తగ్గుతుంది, రైల్లో గడిపే గంటలు పెరుగుతాయి. తిరువళ్లూరు దాటి చూడాలంటే ఇంట్లో ఒక్కరే పనికి వెళ్లేవాళ్లై ఉండాలి, ఆఫీసు కూడా సెంట్రల్ చుట్టుపక్కల ఉండాలి.

తరమణి, టైడల్ పార్కు (ఐటీ కంపెనీల సముదాయం) వైపు ఉద్యోగమైనా ఈ దారి పనికొస్తుంది. సెంట్రల్‌లో దిగి నడిచి పార్క్ టౌన్ స్టేషన్‌కు వెళ్లి వేళచ్చేరి రైలెక్కితే తిరువాన్మియూరు, తరమణి స్టేషన్లలో దిగొచ్చు. షోళింగనల్లూరు, నావలూరు, సిరుసేరి అయితే ఇది కుదరదు, రోజుకు నాలుగు గంటలు దారికే పోతాయి. అలాంటివాళ్లు మేడవాక్కం, కేళంబాక్కం, లేదా తాంబరం దాటి వండలూరు, గూడువాంచేరి వైపు చూడాలి. చిత్తూరు నుంచి వెళ్లేవాళ్లకు రాణిపేట, కాంచీపురం రోడ్డు దగ్గర కాబట్టి శ్రీపెరుంబుదూరు, పూనమల్లి అనువుగా ఉంటాయి.

తిరుత్తణిని కూడా మరవకండి. 1960 వరకు అది మన చిత్తూరు జిల్లాలోదే. తెలుగు మాట్లాడేవాళ్లు ఇప్పటికీ అక్కడ చాలామంది.

కాపురం ఇక్కడే ఉంచి రోజూ వెళ్లి రాలేమా?

తిరుపతి నుంచి రోజూ వెళ్లిరావడం ఒంటికి మంచిది కాదు. ఒకవైపే మూడు గంటలు దాటుతుంది. చాలామందికి తట్టని దారి ఇంకొకటి ఉంది. సూళ్లూరుపేట, తడ మన తిరుపతి జిల్లాలోనే ఉన్నాయి, అక్కడి నుంచి గుమ్మిడిపూండి మీదుగా చెన్నైకి లోకల్ రైళ్లున్నాయి. ఉత్తర చెన్నైలోనో గుమ్మిడిపూండి ఫ్యాక్టరీల్లోనో పని అయితే ఆంధ్రా చిరునామా, పిల్లల చదువు, రేషను ఏవీ కదపకుండానే నడుస్తుంది. మా దృష్టిలో చదువుకునే పిల్లలున్న కుటుంబం ముందుగా ఆలోచించాల్సింది ఇదే. రైళ్ల సంఖ్య తక్కువ కాబట్టి మీ షిఫ్టు వేళకు రానూపోనూ రైలుందో లేదో చూసుకున్నాకే ఇల్లు మాట్లాడుకోండి.

ఏ నెలలో మారితే మేలు?

బడి కోసమైతే మే. ఆ నెలలో అందరూ మారతారు కాబట్టి ఓనర్లు బేరానికి దిగరు. పిల్లల బడి లేనివాళ్లకు ఆడి మాసం మంచి అదును. జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా తమిళులు ఇల్లు మారరు, ఖాళీ ఇళ్లు అలాగే ఉంటాయి. అప్పుడు మాట్లాడుకుంటే అడ్వాన్సులో ఒకటి రెండు నెలలు తగ్గించుకోవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆ మూడు నెలలు సామాను కదపొద్దు.

## ఇల్లు వెతికేటప్పుడు

పది నెలల అడ్వాన్సు కట్టాల్సిందేనా?

అది చెన్నైలో పాత అలవాటు. తమిళనాడు అద్దె చట్టం 2017లో వచ్చి, 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఇరువర్గాలూ ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, మూడు నెలల బాడుగకు మించి అడ్వాన్సు అడగకూడదు. ఆ "వేరేగా రాసుకుంటే" అన్న మాట వల్లే ఎక్కువ అడగడం ఇంకా సాగుతోంది. చట్టం చూపించి గొడవపడితే ఇల్లు దొరకదు. "ఐదు నెలలిస్తాను, ప్రతి నెలా ఒకటో తారీకే బాడుగ వేస్తాను" అని మాట్లాడితే చాలామంది దిగొస్తారు. ఎంతిచ్చినా బ్యాంకు ద్వారానే ఇవ్వండి, అగ్రిమెంటులో ఆ అంకె అక్షరాల్లో కూడా ఉండాలి.

లీజు ఇల్లయితే నెలనెలా బాడుగే ఉండదంటున్నారు. తీసుకోవచ్చా?

కొన్ని లక్షలు ఒకేసారి ఓనరుకిచ్చి రెండు మూడేళ్లు బాడుగ లేకుండా ఉండటాన్ని చెన్నైలో లీజు అంటారు. గడువయ్యాక ఆ డబ్బంతా తిరిగివ్వాలి. చిక్కంతా ఆ తిరిగివ్వడంలోనే. ఓనరు ఆ డబ్బుతో వేరే అప్పు తీర్చేసి ఉంటాడు, ఇంకో లీజుదారు దొరికితేనే మీ డబ్బు కదులుతుంది. ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంటే, ఓనరు కంతులు ఎగ్గొట్టిన రోజున బ్యాంకు మీ మాట వినదు. ఈసీ (ఇంటి మీద తాకట్టు, అమ్మకం వివరాలు చూపే పత్రం) తీసి చూడకుండా, ఒప్పందం సబ్‌రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేయకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఊళ్లో పొలం అమ్మిన డబ్బో, కూతురి పెళ్లికి దాచిన డబ్బో అయితే అసలు ఆ దారే పట్టకండి.

బ్రోకరు లేకుండా దొరుకుతుందా?

దొరుకుతుంది. పగటిపూట స్టేషన్ చుట్టూ వీధుల్లో నడిస్తే గేట్లకు టు-లెట్ బోర్డులు కనిపిస్తాయి. ఇస్త్రీ బండి వాళ్లను, కిరాణా కొట్టు వాళ్లను అడగండి. ఏ ఇల్లు ఖాళీ అవుతోందో బోర్డు పెట్టకముందే వాళ్లకు తెలిసిపోతుంది.

ఇల్లు చూడ్డానికి వెళ్తే ఏమేం పరీక్షించాలి?

ముందు నీళ్లు. చిన్న సబ్బు ముక్క జేబులో వేసుకెళ్లండి. బాత్రూం కొళాయి రెండు నిమిషాలు వదిలి, ఆ నీళ్లతో చేతులు రుద్దండి. నురగ రాకుండా తెల్లటి జిడ్డులా చేతికి అంటుకుంటే అది ఉప్పు బోరు నీళ్లు. జుట్టు ఊడుతుంది, గీజరు కాయిలు పాడవుతుంది, పప్పు ఉడకదు. కొళాయి మూతి చుట్టూ తెల్లటి పెచ్చు కట్టిందా, బకెట్ అడుగున తుప్పు రంగు దిగిందా చూడండి. నాలుక మీద ఒక్క చుక్క వేసుకుంటే మిగతాది తెలిసిపోతుంది.

తర్వాత మెట్రో వాటర్ (నగర నీటి బోర్డు) కనెక్షన్ ఉందా, ఉంటే రోజు విడిచి రోజు వస్తుందా, సంపు ఎంత పెద్దది అని అడగండి. బోరు ఎండితే ట్యాంకరు డబ్బు ఎవరు కడతారో ముందే తేల్చుకోండి. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు చాలా అపార్టుమెంట్లు ట్యాంకర్ల మీదే ఆధారపడతాయి, వేసవిలో ఆ భారం మెయింటెనెన్సులోకి వచ్చి పడుతుంది. చెన్నై తాగే నీళ్లలో కొంత కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో మన జిల్లా మీదుగా పూండి చెరువుకు చేరేదే. మనవైపు వానలు తప్పిన ఏడాది అక్కడా కష్టమే.

చివరిగా పైకప్పు. మిద్దె మీద ఆఖరి అంతస్తు అయితే బాడుగ తక్కువే. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదింటికి కూడా శ్లాబు వేడి తగ్గదు. చంటిపిల్లలుంటే వద్దు.

వానకు మునిగే చోటో కాదో ఎలా తెలుస్తుంది?

2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడూ నగరంలో చాలా చోట్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వేళచ్చేరి, పళ్లికరణై, ముడిచ్చూరు పేర్లు అప్పుడు రోజూ వార్తల్లో ఉన్నాయి. ఓనరును అడగొద్దు, ఎదురింటివాళ్లను అడగండి: "తణ్ణి ఎదువరైక్కుం వందుచ్చు?" అంటే నీళ్లు ఎందాకా వచ్చాయని. ప్రహరీ మీద నీటి గీత, గోడ అడుగున ఉబ్బిన సున్నం, నడుమెత్తుకు పైకి మార్చిన కరెంటు మీటరు పెట్టె కూడా నిజం చెబుతాయి. అలాంటి వీధిలో కింది అంతస్తు ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. ఒక్క వానకే ఫ్రిజ్జు, పరుపులు, పిల్లల సర్టిఫికెట్లు పోతాయి.

సముద్రం పక్కనే చవగ్గా పోర్షన్ దొరికింది. ఉప్పుగాలికి నిజంగా సామాను పాడవుతుందా?

అవుతుంది. ఇనుప బీరువా అడుగున, ఫ్రిజ్జు వెనక గొట్టాల మీద, సైకిలు గొలుసుకు తుప్పు త్వరగా పడుతుంది. గ్యాస్ స్టవ్ బర్నర్లు, తలుపు గొళ్లేలు పట్టేస్తాయి. ఇనుప వస్తువులు తక్కువుండి, బండి పెట్టుకోడానికి లోపల చోటుంటే తీసుకోండి. బండి గొలుసుకు వారానికోసారి ఆయిలు రాయాలి.

కరెంటు యూనిట్‌కు 9 రూపాయలంటున్నారు ఓనరు. అది న్యాయమేనా?

తమిళనాడులో ఇళ్లకు బిల్లు రెండు నెలలకోసారి, అందులో 100 యూనిట్లు ఉచితం. మీ పోర్షన్‌కు విడిగా ఈబీ (కరెంటు బోర్డు) కనెక్షన్ ఉంటే ఆ లాభం మీదే. ఇంటికంతా ఒకటే కనెక్షనుండి మీకు సబ్‌మీటరు పెడితే ఓనరు చెప్పిందే ధర. నెలకు 150 యూనిట్లు వాడితే 9 చొప్పున 1,350. అందుకే రెండిళ్ల బాడుగ ఒకటే అయినా విడి కనెక్షనున్న ఇల్లే చవక. మోటారు, మెట్ల లైట్ల కరెంటు ఎలా పంచుతారో కూడా అడగండి.

అగ్రిమెంటులో ఏమేం రాయించుకోవాలి?

అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేముందు ఎన్ని నెలల నోటీసు, ఏడాదికి బాడుగ ఎంత పెంచుతారు, పెయింటింగ్ కింద ఎంత పట్టుకుంటారు. ఈ చివరిదే ఎక్కువమందికి తగిలే దెబ్బ. చెన్నైలో ఖాళీ చేసేటప్పుడు ఒక నెల బాడుగ పెయింటింగ్ పేరుతో తగ్గించడం మామూలు. రెండేళ్లు దాటితేనే అని రాయించండి, లేదా అంకె రాయించండి. తమిళం చదవడం రాకపోతే ఇంగ్లిష్‌లో అగ్రిమెంటు అడగండి. రాసుకున్న 90 రోజుల్లో దాన్ని రెంట్ అథారిటీ (అద్దె వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి) దగ్గర నమోదు చేయాలని అద్దె చట్టం చెబుతోంది. తాళం తీసుకున్న రోజే గోడలు, కొళాయిలు, స్విచ్చులు ఫోటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి.

## సామాను కదిలేటప్పుడు

రాష్ట్రం దాటుతాం కదా, లారీకి కాగితాలేం కావాలి?

వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అక్కర్లేదు. బండికి మాత్రం నేషనల్ పర్మిటో తమిళనాడు పర్మిటో ఉండాలి. లేకపోతే సరిహద్దులో ఆపేస్తారు, జరిమానా మీ నెత్తినే వేస్తారు. సామాను జాబితా ఒక కాగితం మీద రాసి, ఆధార్ నకలు జతచేసి డ్రైవరుకివ్వండి. వీధి ఇరుకైతే పెద్ద బండి లోపలికి రాదు. అక్కడ దించి టాటా ఏస్‌లోకి మార్చాలి, దాన్ని చెన్నైలో కుట్టి యానై అంటారు. ఆ ఖర్చు ముందే మాట్లాడుకోండి.

ఏవి తీసుకెళ్లాలి, ఏవి వదిలేయాలి?

మెట్ల వెడల్పు కొలవకుండా బీరువా, డబుల్ కాట్ ఎక్కించకండి. ఫ్రిజ్జు నిలువుగానే తీసుకెళ్లి, దించాక నాలుగైదు గంటలాగి స్విచ్చు వేయండి. ఏడాదికి సరిపడా బియ్యం, చెనిక్కాయలు, మిరప్పొడి మోసుకెళ్లడం మనవాళ్ల అలవాటు. ఆ తేమకు బియ్యం పురుగు పడుతుంది, పొడి ఉండకడుతుంది, రాగిపిండి ముక్కవాసన వస్తుంది. రెండు నెలలకు సరిపడా చాలు. ఊరికి వచ్చినప్పుడల్లా మళ్లీ తెచ్చుకోవచ్చు.

గ్యాస్ కనెక్షన్ ఎలా మార్చుకోవాలి?

ఇక్కడి డీలరుకు సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి టర్మినేషన్ వోచరు, డిపాజిట్ వెనక్కి తీసుకోండి. పాసుబుక్కు మీ దగ్గరే ఉంచుకోండి. వోచరు, అగ్రిమెంటు చూపిస్తే అక్కడి డీలరు కనెక్షనిస్తాడు. ఈలోపు 5 కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డుతోనే దొరుకుతుంది.

## కుదురుకునే నెలల్లో

ఆధార్ చిరునామా, రైస్ కార్డు వెంటనే మార్చేయాలా?

తొందరపడొద్దు. ఉద్యోగం నిలుస్తుందని తేలేదాకా, కనీసం ఆరు నెలలు అలాగే ఉంచండి. ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డయితే 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పద్ధతిలో చెన్నై రేషను షాపులోనే వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. మీ కార్డు ఆ కోవలోకి వస్తుందో లేదో సచివాలయంలో అడగండి. ఓటు మార్చుకోవాలనుకున్నప్పుడు ఫారం 8 నింపాలి.

అమ్మానాన్నలను కూడా తీసుకెళ్తున్నాం. వాళ్ల పింఛను ఏమవుతుంది?

రాష్ట్ర ప్రభుత్వం నెలనెలా ఇచ్చే పింఛను ఆంధ్రప్రదేశ్‌లో ఉండేవాళ్లకే. వరుసగా నెలల తరబడి తీసుకోకపోతే శాశ్వతంగా వలసపోయినట్టు లెక్కగట్టి ఆపేస్తారు. వాళ్ల ఆధార్ చిరునామా మార్చేముందు సచివాలయంలో మాట్లాడండి. పెద్దవాళ్లకు మందుల ఖర్చు సొంతంగా పెట్టుకునే ధైర్యం ఆ డబ్బే ఇస్తుంది. దాన్ని నిర్లక్ష్యంగా పోగొట్టకండి.

ఏపీ నెంబరు బండి నడుపుకోవచ్చా?

12 నెలల వరకు నడుపుకోవచ్చు. అంతకుమించి అక్కడే ఉంచితే ఇక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తీసుకుని, అక్కడ కొత్త నెంబరు వేయించి పన్ను కట్టాలి. పెండింగు చలాన్లుంటే ఎన్‌ఓసీ ఆగిపోతుంది. పాత బండి అయితే ఆ పన్ను లెక్క చూసుకుని ఇక్కడే అమ్మేయడం చాలాసార్లు మేలు.

రోజువారీ ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

ఆడవాళ్లకు ఎంటీసీ (చెన్నై సిటీ బస్సు సంస్థ) ఆర్డినరీ బస్సుల్లో ఉచితం, ఏ రాష్ట్రం వాళ్లయినా కార్డు చూపనక్కర్లేదు. మగవాళ్లకు 1,000 రూపాయల నెల పాసుతో ఏసీ బస్సులు తప్ప మిగతా సిటీ బస్సులన్నీ ఎక్కొచ్చు. అమ్మ ఉణవగం అనే చవక క్యాంటీన్లలో ఇడ్లీ రూపాయి, సాంబారన్నం 5, పెరుగన్నం 3. ముందుగా ఒక్కరే వెళ్లేవాళ్లు ట్రిప్లికేన్ మాన్షన్లలో (ఒంటరి మగవాళ్లకు గదులిచ్చే లాడ్జీల్లో) రెండు నెలలుండి, తీరిగ్గా ఇల్లు వెతికాకే కుటుంబాన్ని తీసుకెళ్లడం అన్నిటికంటే పొదుపు.

## పిల్లల చదువు, ఆరోగ్యం

పిల్లల్ని అక్కడ చదివిస్తే తర్వాత ఇక్కడ సీటుకు ఇబ్బందా?

ఇబ్బందే. ఇది తెలియక నష్టపోయిన పిల్లలున్నారు, అందుకే వివరంగా చెబుతున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగు, మెడిసిన్ లాంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులకు. మనకు లోకల్ అంటే శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఈ ప్రాంతంలో చదివి ఉండాలి. ఇంటర్ అర్హత అయితే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లూ ఇక్కడే చదవాలి. తొమ్మిదిలో చెన్నై తీసుకెళ్లి ఇంటర్‌కు తిరిగి తెచ్చినా ఆ నాలుగేళ్లు తెగిపోతాయి. తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు చూపిస్తే మిగిలిన 15 శాతంలో మాత్రమే పోటీ పడొచ్చు.

ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని ధైర్యంగా తీసుకెళ్లండి, తొమ్మిదికల్లా ఇక్కడి బడికి తిరిగి తెస్తే చాలు. ఎనిమిది పూర్తయినవాళ్లకు హాస్టలో, తాతగారి ఇల్లో, తడ, సూళ్లూరుపేట కాపురమో ఆలోచించండి.

తమిళం రాని పిల్లకు బడిలో కష్టమవుతుందా?

2006 చట్టం ప్రకారం అక్కడి బళ్లలో పదో తరగతి వరకు తమిళం చదవాలి. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఆరు నెలల్లో పట్టేస్తారు. ఆరు, ఏడులో చేరేవాళ్లకు సెలవుల్లోనే అక్షరాలు నేర్పించండి. తెలుగు చెప్పే బళ్లు కొన్ని ఉన్నాయి, అవి మీ ఇంటికి దగ్గరుంటాయన్న భరోసా లేదు.

జబ్బు చేస్తే ఎక్కడికెళ్లాలి?

సెంట్రల్ స్టేషన్ ఎదురుగానే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి ఉంది. జీతం 21 వేల లోపైతే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తిస్తుంది, డిస్పెన్సరీ చెన్నైకి మార్పించమని కంపెనీని అడగండి. ఇంట్లో 70 ఏళ్లు దాటినవాళ్లుంటే ఆయుష్మాన్ కార్డు చేయించండి.

## కుదరకపోతే

ఆరు నెలలకే తిరిగి రావాల్సొస్తే అడ్వాన్సు ఎలా రాబట్టుకోవాలి?

నోటీసు వాట్సాప్‌లో కాకుండా రాతపూర్వకంగా ఇచ్చి, ఓనరు సంతకంతో ఒక నకలు ఉంచుకోండి. తాళం ఇచ్చాక ఒక నెలలోపు, బాకీలు మినహాయించి అడ్వాన్సు తిరిగివ్వాలని చట్టం. ఆఖరి నెలల బాడుగ అడ్వాన్సులో కొట్టేసుకోమనడం చాలామంది చేసే పని. ఓనరు ఒప్పుకుంటే దాన్నీ రాయించుకోండి. ఖాళీ చేసే రోజు ఈబీ మీటరు అంకె ఫోటో తీసి, చేరిన రోజు తీసిన ఫోటోలు పక్కన పెట్టి, ఓనరుతో కలిసి ఒక్కో గదీ తిరిగి చూశాకే తాళాలివ్వండి.